సర్ఫ్‌బోర్డు ఫిన్ కోసిన గాయం ఎర్రబడితే

కళింగపట్నంలో సర్ఫింగ్ నేర్చుకుంటుంటే బోర్డు కింద రెక్కలా ఉండే ఫిన్ తగిలి మీ తమ్ముడి పిక్క కోసుకుపోయిందని, పసుపు పెట్టి కట్టు కట్టామని, రెండో రోజుకి చుట్టూ ఎర్రబడిందని రాశారు. ఈరోజే డాక్టర్‌కి చూపించండి, రేపటిదాకా ఆగొద్దు.

సర్ఫింగ్‌లో ఎక్కువగా అయ్యేవి ఇలాంటి కోతలే, అదీ చాలావరకు సొంత బోర్డు వల్లే. కోత చిన్నదే అయినా లోపల ఇసుక ఉండిపోతుంది. పసుపు దాన్ని కప్పేస్తుంది తప్ప తీయదు. పైగా అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. ఉప్పు తగ్గిన అలాంటి వెచ్చటి నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దాని ఇన్‌ఫెక్షన్ అరుదే గానీ, షుగరో లివర్ జబ్బో ఉన్నవాళ్లకి చాలా త్వరగా ముదురుతుంది. అందుకే దెబ్బ సముద్రపు నీళ్లలో తగిలిందని డాక్టర్‌కి మీరే చెప్పండి. యాంటీబయోటిక్ దాన్నిబట్టి మారుతుంది. టీటీ ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి.

బయల్దేరేముందు ఎరుపు అంచు వెంట బాల్‌పెన్‌తో గీత గీసి, పక్కన టైమ్ రాయండి. ఎరుపు గీత దాటినా, నీటిపొక్కులు లేచినా, జ్వరం వచ్చినా, గాయానికి మించిన నొప్పి ఉన్నా అర్ధరాత్రయినా సరే శ్రీకాకుళం రిమ్స్‌కి తీసుకెళ్లండి.

గాయం పూర్తిగా మానేదాకా నీళ్లలోకి దిగనివ్వొద్దు. మళ్లీ వెళ్లేటప్పుడు మెత్తటి అంచున్న ఫిన్లు పెట్టించండి. పడ్డాక రెండు చేతులతో తల కప్పుకుని పైకి తేలడం అలవాటు చేయించండి.