యూదుల పెళ్ళి ఒప్పంద పత్రమైన కెతుబాపై అన్ని బొమ్మలు ఎందుకు వేస్తారు?

కెతుబా చట్టబద్ధమైన ఒప్పందమే అయినప్పుడు దాని చుట్టూ పూలు, పక్షులు, స్తంభాలు ఎందుకు, అవి మతపరంగా తప్పనిసరా అని మీరు అడిగారు. తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసి ఇద్దరు సాక్షులు సంతకం చేసినా కెతుబా చెల్లుతుంది. అయితే న్యూయార్క్‌లో పాత కాగితాలు, తోలు పత్రాల పరిరక్షణ పనిలో ఉన్నప్పుడు ఇటువంటివి నా బల్ల మీదికి వచ్చేవి; వాటిని దగ్గరగా చూసిన అనుభవంతో, ఆ అలంకారానికి ఒప్పందంతోనే గట్టి సంబంధం ఉందని చెప్పగలను.

అరామిక్ భాషలో ఉండే ఆ పాఠంలో వారం, తేదీ, ఊరు, వధూవరుల పేర్లు, కన్యకు వరుడు రాసిచ్చే 200 జూజ్‌లు (పాతకాలపు వెండి నాణేలు), ఆమె తెచ్చిన కట్నం, దానిపై అతడు అదనంగా కలిపే మొత్తం ఉంటాయి. భర్త మరణించినా విడాకులిచ్చినా ఆ సొమ్ము భార్యకు దక్కాలి కనుక పత్రాన్ని ఆమెకే అందజేస్తారు. సంతకాలయ్యాక అందులో ఎవరూ ఒక్క మాటైనా చొప్పించకూడదు. అందుకే లేఖకులు పంక్తి చివర ఖాళీ మిగలకుండా అక్షరాలను అడ్డంగా సాగదీస్తారు. పాఠం చుట్టూ ఉన్న చోటును బొమ్మలతో, బైబిల్ వచనాలతో నింపడానికి కూడా ఇదొక కారణమని పరిశోధకులు చెబుతారు. కొన్ని చోట్ల చివరి పంక్తుల్లోని కోఫ్ అనే హీబ్రూ అక్షరం కాలును, అంటే కిందికి దిగే గీతను, గీయకుండా వదిలి, పెళ్ళినాడు సాక్షుల ఎదుట పూర్తిచేస్తారు. భూతద్దం కింద ఆ ఒక్క గీత సిరా మిగిలిన రాతకంటే వేరుగా కనిపించడం నేను చూశాను.

ఈ కళ పరాకాష్ఠకు చేరింది 17, 18 శతాబ్దాల ఇటలీలో. పెళ్ళి పందిట్లో అందరి ముందూ చదివే పత్రం కనుక వెనిస్, అంకోనా, రోమ్ నగరాల సంపన్న కుటుంబాలు దానిమీద ధారాళంగా ఖర్చు పెట్టేవి. ఆ ఖర్చు శ్రుతిమించడంతో కొన్ని సమాజాల పెద్దలు పరిమితులు కూడా విధించారు. తోలు మీద ద్వారం ఆకారంలో స్తంభాలు, పన్నెండు రాశులు, బైబిల్ ఘట్టాలు వేసేవారు. ఆ ఘట్టాల ఎంపిక తరచుగా పేర్లను బట్టి జరిగేది: వరుడు అబ్రహాం అయితే ఇస్సాకు బలి, యాకోబు అయితే కలలో కనిపించిన నిచ్చెన. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి సూక్ష్మాక్షరాల అంచులు. దూరానికి తీగలా కనిపించేది దగ్గరికి వెళ్తే బైబిల్‌లోని ప్రేమకావ్యమైన పరమగీతంలోని వచనాలుగా విడిపోతుంది.

జర్మన్ ప్రాంతపు యూదుల్లో బొమ్మల కెతుబాలు అరుదు. ఆస్ట్రియాలోని క్రెమ్స్‌లో 1391-92 నాటిది, వరుడు వధువుకు ఉంగరం అందిస్తున్న బొమ్మతో, ముక్కలుగా మిగిలింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పత్రాల్లో సింహాలూ సూర్యులూ ఉంటాయి. మన దేశంలో బొంబాయి, కలకత్తాల్లో స్థిరపడిన బాగ్దాదీ యూదుల పత్రాల మీద జంట చేపలు, పులులు, నెమళ్ళు కనిపిస్తాయి.

పాతవాటిలో చాలావాటికి రంగు పెచ్చులుగా లేచి ఉంటుంది, ఎందుకంటే వాటిని తరతరాలుగా చుట్టచుట్టి దాచారు. మీ ఎదుటికి అటువంటిది వస్తే బలవంతంగా విప్పకండి. చూడడం వరకే అయితే ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం వేలకొద్దీ కెతుబాల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉంచింది. ముందు వధూవరుల పేర్లు తెలుసుకొని, తర్వాత బొమ్మల వైపు వెళ్ళండి.