అమ్మలూ, ఆ డీహెచ్ మెమో రాసే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దాన్ని ఏదో బేస్‌బాల్ టీమ్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి పిలిచారట. సాఫ్ట్‌వేర్ ఆఫర్ వదిలేసి ఇందులో చేరతానంటోంది. నువ్వే ఎక్కించి ఉంటావు" అని గంటసేపు చీవాట్లు పెట్టింది. ఎక్కించింది నేనే కాబట్టి నోరు మూసుకుని పడ్డాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యని నిద్రలేపి మరీ చెప్పాను, మన పిల్ల బేస్‌బాల్ వాళ్ల దగ్గర లెక్కలు వేయబోతోందని. ఆ తర్వాత నాకు తెల్లవార్లూ నిద్ర లేదు.

ముందు భయాల సంగతి తేల్చేద్దాం. వాళ్లు ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని హక్కుందో లేదో సరిచూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఉన్నారో లేదో అడుగు. లేకపోతే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే నీ ఓపీటీకి, స్టెమ్ చదువులకి ఇచ్చే 24 నెలల పొడిగింపు రాదు. ఇంటర్వ్యూలో ఇలాంటివి అడిగితే బాగుండదేమో అని మొహమాటపడకు. వెనక్కి పంపేసేటప్పుడు ఎవరూ మొహమాటపడరు. జీతం సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చినంత ఇవ్వరు, అది ముందే తెలుసుకుని వెళ్లు. హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో కాగితం మీద చూసుకో. రాత్రి ఆట అయ్యాక పార్కింగ్‌లోకి ఒంటరిగా నడవకు. నవ్వకు, చెప్పింది విను.

ఇక వాళ్లు రాయమన్న మెమో. ముప్పై మూడేళ్ల బ్యాటర్, ఫీల్డింగ్ చేయలేడు, పిచర్ (బంతి వేసేవాడు) బదులు బ్యాటింగ్ మాత్రం చేసే డీహెచ్‌గానే ఆడతాడు, నాలుగేళ్ల కాంట్రాక్టు అడుగుతున్నాడు, తీసుకోవాలా వద్దా అనేగా? వయసు వంపు గీయడం, గాయాల చరిత్ర చూడడం నీకు నేను చెప్పక్కర్లేదు. పాత టీమ్ ఇవ్వజూపిన ఒక్క ఏడాది క్వాలిఫైయింగ్ ఆఫర్ కాదని వచ్చినవాడైతే మీ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు) పోతుంది, అది మర్చిపోకు. వాయిదాల డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టకుండా ఒక్క అంకె కూడా రాయకు. జపాన్ స్టార్ ఒటానీకి డాడ్జర్స్ టీమ్ ఇస్తామన్న 70 కోట్ల డాలర్లలో 68 కోట్లు పదేళ్ల తర్వాతే చేతికొస్తాయి. పేపర్లో అచ్చయ్యే అంకె వేరు, యజమాని జేబులోంచి పోయేది వేరు.

ఒటానీ పేరు ఎత్తాను కాబట్టి ఇంకోమాట. 2024లో ఆయన డీహెచ్‌గానే ఆడి 54 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు, పిచర్ కన్నుగప్పి పరిగెత్తి 59 బేస్‌లు దొంగిలించాడు, ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు. ఆయన్ని చూపించి మీ ముప్పై మూడేళ్లవాడికి రేటు కట్టకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఇది మీ అత్తయ్యకి సగమే తెలుసు.

2011లో మా సెయింట్ లూయిస్ టీమ్ కార్డినల్స్ వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్) గెలిచారు. ఆరో ఆటలో ఓటమికి ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు నిలబడి, బయటపడి, ఏడో ఆట గెలిచారు. మా వాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. మా టీమ్ పెద్ద బ్యాటర్ పూహోల్స్ అయిదో నంబర్ జెర్సీ వేసుకునే నిద్రపోయేవాడు. పూహోల్స్ కాంట్రాక్టు ఆ ఏడాదితో అయిపోయింది. "ఉంటాడా నాన్నా?" అని రోజూ అడిగేవాడు. నేను ఇన్సూరెన్స్ కంపెనీలో యాక్చువరీని. మనుషులు వయసుతో ఎలా అరిగిపోతారో లెక్కగట్టడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి ఒక్క అంకె కూడా చూడకుండా "ఎక్కడికీ పోడురా" అని మాటిచ్చాను.

డిసెంబర్ 8న ఏంజెల్స్ పదేళ్లకి 24 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్లిపోయారు. అందులో గుట్టేం లేదు. బేస్‌బాల్‌లో రెండు లీగ్‌లు. ఏంజెల్స్ ఆడే అమెరికన్ లీగ్‌లో 1973 నుంచీ డీహెచ్ ఉంది. మోకాళ్లు అరిగినవాణ్ణి కూర్చోబెట్టి బ్యాటింగ్ మాత్రం చేయించుకోవచ్చు. మాకు నేషనల్ లీగ్‌లో ఆ వెసులుబాటు లేదు, నలభై ఏళ్లొచ్చినా ఫస్ట్ బేస్ దగ్గర నిలబడాల్సిందే. పదో సంవత్సరానికి డబ్బు ఎవరు ఇవ్వగలరో ఆ రూలే చెప్తోంది. నాకు కనిపించలేదు. చూడదల్చుకోలేదు.

మా వాడు ఆ రోజు స్కూలుకి వెళ్లనన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "పోనీరా, డబ్బు మనిషి" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "నువ్వు కూడా డబ్బు కోసమే కదా నాన్నా తాతయ్యని వదిలేసి వచ్చావు?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

1991లో విజయవాడ స్టేషన్‌లో మీ తాతయ్య రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నడిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. తెలుగు మిత్రుల ఫ్యాంటసీ లీగ్‌లో (నిజం ఆటగాళ్లని ఉత్తుత్తిగా కొనుక్కుని, వాళ్ల అంకెలతో ఆడే పోటీ) మార్చిలో వేలం. ఒక్కొక్కరికి 260 ఉత్తుత్తి డాలర్లు. పంతం కొద్దీ పూహోల్స్‌కి 46 పెట్టి, అయిదేళ్లకి కట్టేసుకున్నాను. మే 6 దాకా ఆయన ఒక్క హోమ్ రన్ కొట్టలేదు. మా దగ్గర పదకొండేళ్లు .328 సగటు కొట్టినవాడు, అక్కడి ఏళ్లన్నీ కలిపి .256కి దిగాడు. ఇక్కడేమో ఆయన పోయినందుకు పరిహారంగా వచ్చిన డ్రాఫ్ట్ పిక్‌తో వాకా అనే కుర్రాడు దొరికాడు. 2013లో లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో అతనే ఎంవీపీ. చేసిన పనికి జీతం అప్పుడే ఇచ్చేశారమ్మా. కాంట్రాక్టు ఇచ్చేది చేయబోయే పనికి. ఈ ముక్క ఆఫీసులో అందరికీ చెప్పి, ఇంట్లో నేనే మర్చిపోయాను.

మెమోలో డీహెచ్ మంచిదా చెడ్డదా అని వాదించకు, అది వాళ్లు అడగలేదు. నీతో మాత్రం వాదిస్తాను. మీ అమ్మకి డీహెచ్ అంటే ఏంటో చెప్పబోయాను, బౌలర్ బదులు బ్యాటింగ్‌కి ఇంకొకడు వస్తాడు, వాడు ఫీల్డింగ్‌కి రాడు అని. "ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్‌లాగా?" అంది. దాదాపు అంతే! మా అక్కని ఇన్నాళ్లూ తక్కువ అంచనా వేశాను. 2021లో పిచర్లందరి సగటు .110. చూడ్డానికి విసుగే, ఒప్పుకుంటాను. కానీ 2010లో మొహాలీలో నడుం పట్టేసిన లక్ష్మణ్ ఇషాంత్‌నీ, ఓఝానీ వెంటేసుకుని ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడే, ఆ ఇద్దరి బదులు వేరే బ్యాట్స్‌మెన్ వచ్చి ఉంటే ఆ ఆట ఎవరికి గుర్తుండేది? 2016లో బార్టోలో కొలోన్ అనే నలభై రెండేళ్ల పిచర్ జీవితంలో మొదటి హోమ్ రన్ కొట్టి, బేస్‌ల చుట్టూ తీరిగ్గా నడిచినట్టు పరిగెత్తాడు. ఆ వీడియో ఇప్పటికీ నెలకోసారి చూస్తాను.

అయినా 2022లో నేషనల్ లీగ్‌కి కూడా డీహెచ్ వచ్చేసింది. ఆ మార్చిలోనే పూహోల్స్ ఒక్క ఏడాదికి, 25 లక్షల డాలర్లకి మా ఊరు తిరిగొచ్చాడు. ఎక్కువగా డీహెచ్‌గానే ఆడాడు. 24 హోమ్ రన్లు కొట్టి, కెరీర్ మొత్తం 703తో ఆపాడు. నేను తిట్టిపోసిన రూల్ లేకపోతే ఆయనకి మా టీమ్‌లో చోటెక్కడిది? మా వాడు కాలేజీ నుంచి వచ్చాడు, ఇద్దరం బుష్ స్టేడియానికి వెళ్లాం. ఆయన బ్యాట్ పట్టుకుని రాగానే ఊరంతా లేచి నిలబడింది. మా వాడు నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం నా భుజం మీద వేశాడు.

ఏజెంటు ఎక్కువ సంవత్సరాలు అడిగితే ఆ ఆటగాడి గుణం గురించి మెమోలో ఒక్క ముక్క కూడా రాయకు.

డ్రాఫ్ట్ అవ్వగానే పంపు, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. మీ అమ్మతో నేను మాట్లాడతాలే. కానీ ఆ ఈ-వెరిఫై సంగతి తేలాకే.

మావయ్య