ఫలదీకరణ తర్వాత మిథైల్ గుర్తులన్నీ పోతే ఇంప్రింట్లు ఎలా మిగులుతాయి?

పిండం తొలి రోజుల్లో డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు (చాలాసార్లు జన్యువు నోరు మూయించే చిన్న రసాయన గుర్తులు) తుడిచిపెట్టుకుపోతాయి కదా, మరి అమ్మ కాపీ, నాన్న కాపీ అన్న తేడా చూపే గుర్తులు, అంటే ఇంప్రింట్లు, ఎలా నిలుస్తాయని అడిగారు. చిక్కంతా ఎక్కడంటే, చెరపడం రెండుసార్లు జరుగుతుంది. ఇంప్రింట్లు తప్పించుకునేది ఒకదాన్నే. పుస్తకాల్లో రెండూ కలగలిపి రాసేస్తారు.

నేను జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. పాలు పీల్చే ఓపిక లేక, ఒళ్లు మెత్తగా వేలాడే పసిబిడ్డల రక్తం ప్రాడర్-విల్లీ (15వ క్రోమోజోము మీది నాన్న కాపీ పనిచేయక వచ్చే జన్యు జబ్బు) అనుమానంతో మాకు వస్తుంది. డీఎన్‌ఏకి, మిథైల్ ఉన్నదీ లేనిదీ వేరుగా తెలిసేలా, బైసల్ఫైట్ ట్రీట్‌మెంట్ ఇచ్చి, 15వ క్రోమోజోము మీది ఎస్‌ఎన్‌ఆర్‌పీఎన్ అనే జన్యువు దగ్గర పీసీఆర్ చేసి (ఆ ముక్కకి ఎన్నో నకళ్లు తీసి) జెల్ నడుపుతాం, అంటే ముక్కల్ని పొడవు బట్టి విడదీస్తాం. మామూలుగా రెండు బ్యాండ్లు రావాలి. పైన 174 బేస్‌లది, మిథైల్ ఉన్న అమ్మ కాపీ. కింద 100 బేస్‌లది, నాన్న కాపీ. ప్రాడర్-విల్లీ అయితే కిందిది ఉండదు.

ఆ పై బ్యాండ్ గుర్తు పడింది తల్లి అండాశయంలో, అండం పెరిగే దశలో. ఎలుకల్లో ఈ పని డీఎన్‌ఎంటీ3ఏ అనే ఎంజైముది, డీఎన్‌ఎంటీ3ఎల్ దానికి తోడు. హెచ్19 అనే జన్యువు దగ్గరిలాంటి తండ్రి వైపు గుర్తులైతే మగ ఎలుక పుట్టకముందే, శుక్రకణాలుగా మారబోయే కణాల్లో పడతాయి.

ఫలదీకరణ తర్వాత మిగతా గుర్తులు పోతున్నా వీటిని కాపాడేది జడ్‌ఎఫ్‌పీ57 అనే ప్రోటీను. టీజీసీసీజీసీ అన్న ఆరక్షరాల వరుస కనిపిస్తే, అదీ మిథైల్ ఉంటేనే, పట్టుకుంటుంది. ట్రిమ్28 అనే ప్రోటీనుని, దాంతోపాటు పాత పోగు మీది గుర్తును కొత్తదాని మీదికి ఎక్కించే డీఎన్‌ఎంటీ1 ఎంజైముని అక్కడికి రప్పిస్తుంది. కణం విడిపోయినప్పుడల్లా కొత్త పోగు మీదా గుర్తు పడుతుంది. మనుషుల్లో జడ్‌ఎన్‌ఎఫ్445 అనే ప్రోటీను పాత్ర కూడా పెద్దదే. మిథైల్ లేని కాపీ జోలికి జడ్‌ఎఫ్‌పీ57 పోదు. అందుకే ఒకసారి జారిపోయిన గుర్తును ఇది తిరిగి రాయలేదు.

రెండో చెరపడం బీజకణాల పూర్వకణాల్లో, అంటే ముందుముందు అండాలో శుక్రకణాలో అయ్యే కణాల్లో. ఇక్కడ ఇంప్రింట్లకూ మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. నాన్నకి వాళ్లమ్మ ఇచ్చిన 15వ క్రోమోజోము మిథైల్‌తోనే ఉంటుంది. బిడ్డకి వెళ్లేది అదే అయితే, ముందు ఆ గుర్తు పోవాలి. పోకపోతే? నాన్న ఇచ్చిన కాపీ కూడా అమ్మ కాపీలా నోరు మూసుకుంటుంది. ఇంప్రింటింగ్ సెంటర్‌లో (ఆ ప్రాంతపు ఇంప్రింట్లను నడిపించే డీఎన్‌ఏ భాగంలో) ముక్కేమీ ఊడకుండా గుర్తు మాత్రమే తప్పిన ప్రాడర్-విల్లీ కేసుల్ని జర్మనీ పరిశోధకులు 2003లో పరిశీలిస్తే, ఆ క్రోమోజోము నాన్నమ్మ నుంచే వచ్చినట్టు తేలింది. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన ఆధారం అదే.

ఇలాంటి కేసులు అరుదు. ఎక్కువమందిలో నాన్న కాపీలో ముక్క ఊడిపోయి ఉంటుంది, లేదా రెండు కాపీలూ అమ్మవే అయి ఉంటాయి. మా జెల్‌లో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎంఎల్‌పీఏ (ముక్క ఊడిందేమో చూసే పరీక్ష), తల్లిదండ్రుల డీఎన్‌ఏ కూడా చూడాల్సిందే. ఇంప్రింటింగ్ సెంటర్‌లో ముక్క ఊడి, నాన్నలోనూ అదే ఉంటే తర్వాతి బిడ్డకి రిస్క్ 50 శాతం. ముక్క ఊడకుండా గుర్తు మాత్రమే తప్పితే 1 శాతం లోపే.