కొంగలున్న తుమ్మచెట్లు కొట్టొచ్చా?

ప్రశ్న: మా చెరువులో తుమ్మల మీద కొంగలు గూళ్లు పెట్టాయి. పూడికతీత కోసం చెట్లు కొట్టేస్తామంటున్నారు. ఊరివాళ్లం అడ్డుచెప్పొచ్చా?
– ఒక రైతు, కావలి దగ్గర

జవాబు: తప్పకుండా చెప్పొచ్చండీ, ఆలస్యం చేయకండి. గూళ్లు, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ముందు అటవీశాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లలు ఎగిరిపోయేదాకా పని ఆపమని అడగండి.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల అది కాగితం మీదే ఉంటుంది, అదే నా బాధ. మీ ఊళ్లో సభ్యులెవరో అడగండి. ఊళ్లోని చెట్లు, జీవుల వివరాలతో ఆ కమిటీ రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఈ తుమ్మలు, కొంగలు, చెరువు చేపలు రాయించండి.

పక్షులు గూళ్లు పెట్టే నేలపట్టు చెరువు చూశారా? ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మనవాళ్లకది నెల్లూరు నేలపట్టే. 1976లో అభయారణ్యం అయింది. అంతకుముందు నుంచీ పక్షుల్ని కాచింది ఊరివాళ్లే. అక్కడ నీళ్లలో నిలబడ్డ కడప అనే జాతి చెట్ల ఆకులు రెట్టలతో సున్నం కొట్టినట్టుంటాయి. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని రైతుల నమ్మకం. మీ గ్రామసభలో ఈ మాట మీరే లేచి చెప్పండి, పెద్దవాళ్లు వింటారు.