ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, బ్యాటరీ మార్చాలా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్లయింది. వీడియో కాల్‌లో ఉంటే అరగంటకల్లా అడుగంతా కాలిపోతోంది, ఫ్యాన్ హోరుమంటోంది, చివరికి టక్కున ఆఫ్ అయిపోతోంది. వెంటనే ఆన్ చేస్తే రాదు, కాసేపాగితే వస్తోంది. బ్యాటరీ పోయిందంటున్నారు. కొత్తది కొనేయమంటారా?

జవాబు: అప్పుడే కొనకండి. కాసేపాగితే వస్తోందంటున్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి వెళ్తే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే పాడైపోకుండా మొత్తం ఆగిపోతుంది. చార్జర్ పెట్టి అదే కాల్ మళ్లీ చేసి చూడండి, అప్పుడూ వేడెక్కాకే ఆగితే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. అలాకాక చల్లగా ఉన్నప్పుడు కూడా చార్జర్ తీయగానే ఆరిపోతుంటే అది బ్యాటరీ పనే.

మీది నాకైతే దుమ్ము సమస్యలాగే ఉంది. ఫ్యాన్ వదిలే గాలి సన్నటి రాగి లేదా అల్యూమినియం రేకుల సందుల్లోంచి బయటికి పోవాలి. ఫ్యాన్‌కీ ఆ రేకులకీ మధ్య దుమ్ము దళసరిగా, గుడ్డముక్కలా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే జాలీ శుభ్రంగానే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. బయటి నుంచి ఊదితే ఆ దుమ్ము ఇంకా లోపలికి పోవచ్చు, అందుకని అడుగు మూత విప్పించి, బ్యాటరీ కనెక్టర్ తీయించి, ఫ్యాన్ తిరగకుండా పట్టుకుని శుభ్రం చేయించండి. నాలుగేళ్లయింది కదా, ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి దాని మీద పూసే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయి ఉండొచ్చు, ఎలాగూ విప్పారు కాబట్టి అదీ మార్పించేయండి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడే అలవాటుంటే మాత్రం ఇవాళే మానేయండి, అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు మూసుకుపోతాయి.

చార్జర్ మీద రాసి ఉన్న వాట్స్ కూడా చూడండి. 65 వాట్స్ కావాల్సిన దానికి 45 వాట్స్‌ది తగిలిస్తే పని భారం పెరిగినప్పుడు చార్జ్ ఎక్కకపోగా తగ్గుతుంది కూడా.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, అడుగు ఉబ్బినట్టు కనిపించినా బ్యాటరీ లోపల గ్యాస్ చేరి ఉండొచ్చు. వెంటనే ఆఫ్ చేసి చార్జర్ తీసేయండి. దాన్ని నొక్కడం, గుచ్చడం అస్సలు వద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి మార్పించండి.