గ్రంథాలయ సిబ్బందికి కంప్యూటర్ శిక్షణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా విశ్వవిద్యాలయ గ్రంథాలయ సిబ్బంది ఎనిమిది మంది. వర్క్‌షాపులకు వెళ్లొచ్చారు, అందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. కానీ సీట్లో కూర్చుంటే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ కోహాలో పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం తప్ప మరేమీ చేయలేకపోతున్నారు. మేమే శిక్షణ పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? – డిప్యూటీ లైబ్రేరియన్, రాయలసీమ

జవాబు: చెడగొట్టినా నష్టం లేని కోహా ఒకటి వాళ్ల చేతికివ్వండి. అసలు సర్వర్ మీద వేలు పెట్టడానికి అందరికీ భయమే, ఆ భయం న్యాయమైనది కూడా. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్ మీద డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, మీ అసలు కేటలాగు నకలును అందులోకి ఎక్కించండి. కోహా-డంప్ ఆదేశం రెండు ఫైళ్లు ఇస్తుంది: ఒకటి డేటాబేసు, మరొకటి సెట్టింగులు. కోహా-రిస్టోర్‌కు రెండూ కావాలి. శిక్షణ యంత్రంలో అదే పేరుతో ఇన్‌స్టాన్స్ (విడిగా నడిచే ఒక కోహా) ముందే ఉండకూడదు, కోహా వెర్షన్ అసలుదానికంటే పాతదై ఉండకూడదు. ఎక్కించగానే ఈమెయిల్ ఆపేయండి. లేదంటే గడువు దాటిన పుస్తకాల నోటీసులు శిక్షణ యంత్రం నుంచి విద్యార్థులకు వెళ్లే ప్రమాదం ఉంది. సభ్యుల ఫోన్ నంబర్లు, చిరునామాలు కూడా తుడిచేయండి.

ఈ పనిని మీ సిబ్బందిలోనే ఇద్దరితో చేయించండి. బ్యాకప్ తీయడం చాలామందికి వచ్చు. దాన్ని తిరిగి ఎక్కించి పనిచేయించిన వాళ్లు అరుదు. సర్వర్ పడిపోయిన రోజు అక్కరకొచ్చేది ఆ రెండోదే.

తర్వాత వారానికి రెండు మధ్యాహ్నాలు, రెండేసి గంటలు. స్లైడ్లు వద్దు. ఆ వారం కౌంటర్లోనో కేటలాగింగ్ విభాగంలోనో నిజంగా మిగిలిపోయిన పనే పాఠం. మొదటి పాఠాలు ఎక్సెల్‌లో డేటా శుభ్రం చేయడం గురించే ఉండాలి, ఎందుకంటే కోహాలో కనిపించే తప్పుల్లో చాలా వరకు అక్కడే పుడతాయి.

ప్రశ్న: ఎక్సెల్ నుంచి తెలుగు పుస్తకాల వివరాలు కోహాలోకి ఎక్కించాం. కొన్ని ప్రశ్నార్థకాలుగా, కొన్ని పిచ్చి అక్షరాలుగా వచ్చాయి. కొన్ని చక్కగా కనిపిస్తున్నా వెతికితే దొరకవు. – కేటలాగింగ్ సహాయకురాలు, వరంగల్

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ప్రశ్నార్థకాలు వచ్చాయంటే ఫైలును మామూలు సీఎస్‌వీ (కామాలతో వేరుచేసే సాదా ఫైలు)గా సేవ్ చేశారు. ఆ ఫైలులో తెలుగు ఇక లేదు, బాగుచేయాలని కూర్చోవద్దు. అసలు ఎక్సెల్ ఫైలుకు వెళ్లి ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా మళ్లీ సేవ్ చేయండి. పిచ్చి అక్షరాలు వచ్చాయంటే చాలావరకు టైపు చేసింది అను ఫాంట్లలో (డీటీపీకి వాడే పాత తెలుగు ఫాంట్లు), యూనికోడ్‌లో కాదు. కన్వర్టర్‌తో మార్చి, ఒత్తుల దగ్గర తప్పకుండా ప్రూఫ్ చూడండి, ఎక్కువ తప్పులు అక్కడే వస్తాయి. చక్కగా కనిపించి దొరకనివైతే ముందు ఇండెక్సును అనుమానించాలి. కోహా వెతుకులాటకు జీబ్రా అనే ఇంజను వాడుతుంటే దాని డిఫాల్ట్.ఐడీఎక్స్ ఫైలులో పదాల ఇండెక్సు ‘క్యారెక్టర్ మ్యాప్’ మీద ఉందేమో చూసి, యూనికోడ్ అక్షరాలను సరిగా గుర్తించే ‘ఐసీయూ చెయిన్’కు మార్చండి. జీబ్రాను రీస్టార్ట్ చేసి, మొత్తం రీఇండెక్స్ చేయించాలి. ఆ చివరి మెట్టు మరిచిపోయి, మార్చినా ఫలితం లేదనుకునేవాళ్లే ఎక్కువ.

మరో రెండు జాగ్రత్తలు. ఐఎస్‌బీఎన్, యాక్సెషన్ నంబరు కాలమ్‌లను టైపు చేయకముందే ‘టెక్స్ట్’గా పెట్టండి. లేకపోతే 000123 కాస్తా 123 అవుతుంది, పుస్తకం మీది బార్‌కోడుతో కలవదు. 13 అంకెల ఐఎస్‌బీఎన్ 9.78ఈ+12గా కనిపిస్తున్నప్పుడు సీఎస్‌వీ చేస్తే మిగతా అంకెలు పోయినట్టే.

ఎక్సెల్ వివరాలను మార్క్ రికార్డులుగా (కేటలాగు వివరాల ప్రామాణిక రూపం) మార్చే మార్క్‌ఎడిట్ సాఫ్ట్‌వేర్‌లో శీర్షికను 245 ఫీల్డుకు, రచయితను 100కు జతపరిచాక ప్రతుల వివరాలుండే 952 మరవకండి. అది లేకుంటే రికార్డు ఉంటుంది, ఇష్యూ చేయడానికి ప్రతి ఉండదు. అందులో ‘పీ’ సబ్‌ఫీల్డ్ బార్‌కోడు, ‘వై’ ఐటెమ్ టైపు, ‘ఏ’, ‘బీ’ లైబ్రరీ కోడ్లు. ఈ కోడ్లు మీ కోహాలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మొదట 20 రికార్డులే ‘స్టేజ్’ చేసి (కేటలాగులో చేర్చేముందు కోహాలోకి తాత్కాలికంగా తెచ్చి), ఎక్కించి చూడండి. తేడా వస్తే ‘అన్‌డూ’ ఉంది, కానీ ఆ పుస్తకాలు కౌంటర్లో ఇవ్వడం మొదలుకాకముందే వాడాలి. ఐఎస్‌బీఎన్‌తో పోల్చి నకళ్లను ఆపే నియమం పాత తెలుగు పుస్తకాలకు పనిచేయదు, వాటికి ఆ నంబరే ఉండదు. శీర్షిక, రచయిత కలిపి పోల్చే నియమం మీరే రాసుకోవాలి.

ప్రశ్న: శోధగంగకు (దేశంలోని సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం) పంపే తెలుగు సిద్ధాంత గ్రంథాల పీడీఎఫ్‌లలో వెతుకులాట పనిచేయడం లేదు. – పరిశోధన విభాగం, హైదరాబాద్

జవాబు: ప్రింటు తీసి స్కాన్ చేసి పంపుతుంటే ముందు అది మానండి. పరిశోధకుల నుంచి వర్డ్ ఫైలు తీసుకుని, అధ్యాయాల వారీగా నేరుగా పీడీఎఫ్ చేయండి. అను ఫాంట్లలో టైపైన వాటిని యూనికోడ్‌లోకి మార్చబోవద్దు, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. వెతికితే దొరికేలా శీర్షిక, సారాంశం, కీలకపదాలు మాత్రం యూనికోడ్‌లో మెటాడేటాగా టైపు చేయండి. పాత ముద్రిత ప్రతులకు స్కాన్ తప్పదు: 300 డీపీఐ, తర్వాత టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్‌తో తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను వెతకదగ్గ పాఠ్యంగా మార్చడం).

ప్రశ్న: రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న సీనియర్లకూ పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పాలా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. వాళ్ల చేత రచయితల పేర్లు సరిచేయించండి. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు, శ్రీనివాసరావు శ్రీరంగం ఒక్కరే అని ఏ సాఫ్ట్‌వేరూ దానంతటది చెప్పదు. డేటా శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ ఫేసెట్ తెరిస్తే పేర్లన్నీ లెక్కలతో సహా వరుసగా వస్తాయి. కంటికి ఒకేలా ఉన్న పేరు రెండుసార్లు కనిపిస్తే మధ్యలో కనిపించని అక్షరం, యూ+200సీ, ఉందేమో చూడాలి. ‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో అది తరచూ దూరుతుంది. ఒక రూపం ఖాయం చేసుకుని, మిగతా రూపాలను అథారిటీ రికార్డులో (ఒక పేరు ఖాయమైన రూపాన్ని, మిగతా రూపాలను కలిపే రికార్డు) 400 ఫీల్డు కింద ఎక్కించండి.