జపాన్‌లో చిన్న రామెన్ (వేడి సూప్‌లో వేసిచ్చే నూడుల్స్) షాపుకు వెళ్తే ఆర్డర్ ఎలా ఇవ్వాలి, ఎలా తినాలి?

చాలా షాపుల్లో ఆర్డర్ ఇచ్చేది మనిషికి కాదు, గుమ్మం దగ్గరుండే టికెట్ మెషిన్‌కి. ముందు డబ్బులు వేసి, కావాల్సిన బటన్ నొక్కితే చిన్న టికెట్ వస్తుంది. పాత మెషిన్లు కార్డులు తీసుకోవు, చాలావాటిలో 10,000 యెన్ల నోటూ చెల్లదు. 1000 యెన్ల నోట్లు దగ్గరుంచుకోండి. జపనీస్ చదవడం రాకపోతే పై వరుసలో ఎడమ చివరి బటన్ నొక్కేయండి, సాధారణంగా ఆ షాపు స్పెషల్ అదే.

టికెట్ కౌంటర్ మీద పెట్టాక, ఫుకువోకా నగరం తరహా షాపుల్లో నూడుల్స్ ఎంత ఉడకాలో అడుగుతారు. కాస్త పలుకుగా కావాలంటే 'కతా' అనండి. అక్కడి నూడుల్స్ బాగా సన్నం, వేడి సూప్‌లో ఇట్టే మెత్తబడిపోతాయి. అందుకే ఒకేసారి ఎక్కువ వేయరు. సూప్ మిగుల్చుకుని 'కయెదామా' అంటే ఇంకో వాయి నూడుల్స్ తెచ్చి వేస్తారు, దానికి డబ్బులు వేరే.

జుర్రుమని చప్పుడు చేస్తూ తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. తినేశాక కబుర్లు పెట్టుకుని కూర్చుంటేనే బాగుండదు, ఉన్నవే పది సీట్లు, బయటేమో క్యూ. టిప్ అక్కర్లేదు.

శాకాహారులైతే పైన వేసే మాంసం ముక్కలు వద్దన్నా లాభం లేదు. అసలు సూపే పంది ఎముకలో, కోడో, ఎండు చేపలో మరిగించి చేస్తారు. వీగన్ రామెన్ అని బోర్డున్న షాపే వెతుక్కోవాలి.